అర్థం చెప్పనిదే పేరు చెక్కబడదు

మా షాపులో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద ఒక ఇత్తడి పలక కనిపిస్తుంది. 'అర్థం చెప్పనిదే పేరు చెక్కబడదు' అని ఉంటుంది దాని మీద. వేరే షాపులవాళ్ళు 'అప్పు రేపు' అని రాసుకుంటారు. మా ఆయన ఇది రాసుకున్నాడు. ఆయన సంగతే అంత.

మాది తలుపులకు బిగించే పేరు పలకల పని. ఇత్తడి రేకు కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, ఉలితో అక్షరాలు చెక్కి, ఆ గాట్లలో నల్ల లక్క నింపి, మెరుగు పెట్టి ఇస్తాం. వచ్చినవాళ్ళు తమ ఇంటిపేరు కాగితం మీద రాసిస్తారు. మేం వెంటనే "దీని అర్థం ఏంటండీ?" అని అడుగుతాం. కొందరికి ఒళ్ళు మండుతుంది. "పలక చెయ్యమంటే పురాణం అడుగుతారేంటమ్మా?" అన్నాడొకాయన. పురాణం కోసం కాదు. పుట్టినప్పటి నుంచి మోస్తున్న పేరే కదా అని రాసేటప్పుడు ఎవరూ చూసుకోరు, చెయ్యి తన దారిన తాను పోతుంది. అర్థం చెప్పమంటే మాత్రం మనిషి ఆగి, కాగితం వైపు నింపాదిగా చూస్తాడు. "అయ్యో, ఇక్కడొక అక్షరం ఎగిరిపోయిందండీ" అని అప్పుడంటాడు. ఇత్తడి మీద గాటు పడ్డాక ఏడ్చినా చెరగదు. అందుకని మా ఆయన పెట్టిన కట్టుబాటు ఇది. అర్థం అడుగు, చదివించు, "తప్పులుంటే ఇప్పుడే చెప్పండి, చెక్కాక మార్చడం కుదరదు" అను, ఆ తర్వాతే ఉలి పట్టు.

ఈ అడగడం పుణ్యమా అని గుమ్మం దాటకుండానే నేను ప్రపంచమంతా తిరిగాను. మా పేట రేవుకు దగ్గర, రకరకాల దేశాలవాళ్ళు వచ్చి కాపురాలు పెట్టిన చోటు. కమ్మరి అని అర్థం వచ్చే ఇంటిపేర్లు ఎన్ని భాషల్లో చూశానో చెప్పలేను. అందులో సుత్తి పట్టినవాడు ఒక్కడూ లేడు. ఒకాయనైతే కేకుల మీద క్రీము పువ్వులు వేస్తాడు. పిండిమర, కుండలు, కుట్టుపని, ఇలా ముత్తాతలు మానేసిన పనులన్నీ మునిమనవల తలుపుల మీద మిగిలాయి. సగం ప్రపంచం ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు. ఇంకొందరు వదిలేసి వచ్చిన ఊరినే పేరు చేసుకుని మోసుకొచ్చారు. గుట్ట మీదివాళ్ళు, బురదనేలవాళ్ళు, వంతెన పక్కవాళ్ళు. ఎప్పుడో ఒక ముత్తాత పొట్టిగా ఉన్న పాపానికి, ఆరడుగుల మనిషి మా గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చి "పొట్టోడు అని అర్థమండీ" అంటూ సిగ్గుపడతాడు. తోడేలు అనే ఇంటిపేరున్న పళ్ళ డాక్టరు మా పిల్లిని చూసి కుర్చీ ఎక్కాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు.

కొందరికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి వెనక. కొందరికి అమ్మ వైపుది, నాన్న వైపుది రెండూ పడాలి. వాళ్ళ పలకలు రైలు పెట్టెల్లా పొడుగు. ఇంకో దేశంవాళ్ళకు ఒకటే ఇంటిపేరు భర్తకు ఒక రకంగా, భార్యకు ఒక రకంగా ముగుస్తుంది. తలుపు మీద ఎవరి ముగింపు వెయ్యాలని వాళ్ళు మా షాపులోనే పోట్లాడుకుంటారు. ఒకావిడ ఇంటిపేరుకు 'గుమ్మంలో దొరికినవాళ్ళు' అని అర్థం. ఆవిడ ముత్తవ్వను పసిగుడ్డుగా ఒక ఆశ్రమం గుమ్మంలో వదిలి వెళితే అక్కడివాళ్ళు పెట్టిన పేరట. చెప్పడానికి నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. "పెద్ద అక్షరాలు వెయ్యండి, బిగించేది కూడా గుమ్మానికేగా" అని నవ్వింది. ఆ పలకకు నేనే కూర్చుని మెరుగు పెట్టాను.

ఇక మా ఇంటిపేరు. మా మామగారి పూర్వీకుడెవరో ఎక్కడి నుంచో వచ్చి ఈ వీధిలో దిగితే, వీధివాళ్ళు పిలిచిన పిలుపే స్థిరపడిపోయింది. దాని అర్థం 'కొత్తగా వచ్చినవాడు'. ఇప్పుడు ఈ వీధిలో మాకన్నా పాతవాళ్ళు లేరు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మాది పాతబడిపోయిన కొత్త. షాపు బోర్డు మీద అదే పేరు, మేడ మీద మా ఇంటి తలుపుకూ అదే పేరు. ఆ తలుపు పలక చెక్కింది మా అబ్బాయి. పని నేర్చుకుంటూ వాడు పూర్తి చేసిన మొదటి పలక అది. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. "ఇంకోటి చెక్కుతానమ్మా" అని వాడు ఎంత బతిమాలినా వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. దాన్నే బిగించాడు.

ఆ తండ్రీ లేడు, ఆ కొడుకూ లేడు. మా ఆయన వయసు మీరి వెళ్ళిపోయాడు, అది సృష్టిలో ఉన్నదే. అబ్బాయి జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. దాని గురించి నేనింతకన్నా చెప్పలేను.

మిగిలింది నేనూ, కోడలూ. పెళ్ళయిన కొత్తలో మా అబ్బాయి దగ్గర సరదాగా ఉలి పట్టింది. ఏడాది తిరిగేసరికి వాడి చేతికన్నా దాని చెయ్యి కుదురైంది. నిజం చెప్పాలంటే మా ఆయన చేతికన్నా కూడా. వాడు పోయాక దాని అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్తామన్నారు. "ఒప్పుకున్న పలకలున్నాయి, అవి అయ్యాక చూద్దాం" అంది. ఆ పలకలు ఇంకా అవ్వలేదు. నేను కిటికీలు మూస్తాను, అది తెరుస్తుంది. నేను లక్క చిక్కగా కలుపుతాను, అది పలచగా ఉండాలంటుంది. ఒకరినొకరు నాలుగు మాటలు అనుకోకుండా మాకు భోజనం సయించదు. అయినా పొద్దున్నే అది బెంచీ దగ్గర కూర్చుని ఉలి కొట్టే చప్పుడు వినపడితేనే నాకు తెల్లవారినట్టు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒక లిఫ్టు మెకానిక్ వచ్చాడు. చేతులకు గ్రీజు, చంకలో టోపీ. రెండు వీధుల అవతల ఉన్న అపార్టుమెంటులో, నాలుగో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాడట. ఆ బిల్డింగులో ప్రతి తలుపుకూ ఒకే కొలత పలక ఉండాలని సంఘంవాళ్ళ నియమం. అవన్నీ మా దగ్గరే చేయిస్తారు. అరచేయంత వెడల్పు, గుండ్రటి మూలలు, స్క్రూలకు పైన రెండు రంధ్రాలు, కింద ఒకటి.

"ఇంటిపేరు చెప్పండి" అంది కోడలు, పెన్సిలు అందుకుని.

"లేదండీ."

"లేకపోతే పలక మీద ఏం వెయ్యమంటారు?"

"అదే వెయ్యండి. నా ఇంటిపేరే 'లేదు' అండీ."

సంగతేమిటంటే, వాళ్ళవాళ్ళలో ఇంటిపేర్లు ఉండవు. మనిషి పేరు, దాని వెనక తండ్రి పేరు. అతనికి పిల్లలు పుడితే వాళ్ళ వెనక అతని పేరు చేరుతుంది, తాత పేరు అక్కడితో సరి. ఈ దేశంలో దిగిన రోజు ఆఫీసులో గుమస్తా ఇంటిపేరు అడిగితే, ఇతను మర్యాదగా "లేదు" అన్నాడు. గుమస్తా అంతకన్నా మర్యాదగా అదే రాసుకున్నాడు. ఇక గుర్తింపు కార్డు, జీతం కాగితం, కరెంటు బిల్లు, అన్నిటి మీదా అదే.

"ఫోను చేసి 'లేదు గారు ఉన్నారా?' అని అడుగుతారండీ. 'లేదు ఉన్నాడు' అని మా మేనేజరు జవాబు చెబుతాడు. అవతలివాళ్ళు పెట్టేస్తారు."

నేను లోపల లక్క డబ్బా దగ్గర ఉన్నాను. "అర్థం చెప్పనిదే చెక్కం బాబూ" అన్నాను, ముఖం గంటు పెట్టుకునే.

"అర్థం ఏముందమ్మగారూ, ఏమీ లేదని."

కోడలు నవ్వింది. పెదవులతో కాదు, పొట్ట పట్టుకుని నవ్వింది. మా అబ్బాయి పోయాక ఆ నవ్వు ఆ షాపులో వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

"ఇలాంటిది నేను చెక్కను" అంది అది, కళ్ళు తుడుచుకుని. "ఒక మనిషి తలుపు మీద 'లేదు' అని ఎలా బిగిస్తాం? ఆలోచించుకుని రండి."

అతను ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఆలోచించుకునేదేదో మా షాపులోనే కూర్చుని ఆలోచించుకునేవాడు. లిఫ్టుల్లో బిగించే 'ఆరుగురికి మించి ఎక్కరాదు' పలకల పని తమ కంపెనీ నుంచి మాకు ఇప్పించాడు. వాటి కోసం ఒకసారి, వాటిలో స్క్రూ రంధ్రాలు సరిపోలేదని ఒకసారి, సరిపోయాయని చెప్పడానికి ఒకసారి వచ్చాడు. ఏళ్ళ తరబడి మూలుగుతున్న మా మెరుగు చక్రం మోటారు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, గొంతు బాగుచేశాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా లేదు, ఎదురుగా నిప్పే కనిపిస్తోంది.

ఒక సాయంత్రం షట్టరు దించుతూ కోడలు అంది. "అత్తయ్యా, అతను నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. మీతో చెప్పకుండా నేనేమీ అనలేదు."

"నన్నడిగేదేముంది? బతకాల్సినదానివి నువ్వు. మనిషి మంచివాడే" అన్నాను.

అబద్ధం కాదు, ఆ మాట మనసులోంచే వచ్చింది. కానీ మనసుకు ఒకటే గది ఉండదు కదా. కోడలు అనే మాట కొడుకు మీద నిలబడుతుంది. కొడుకు లేడు. మనవళ్ళు లేరు. దాన్నీ నన్నూ కలిపి కట్టిన తాడు ఇంటిపేరొక్కటే. మా దేశంలో పెళ్ళయితే ఆడది మొగుడి పేరుకు మారిపోవడమే ఎక్కువమంది చేసేది. రేపు దాని పేరు కూడా 'లేదు' అయిపోతే అది నాకేమవుతుంది? షాపులో పనిచేసే అమ్మాయి అవుతుంది. వేరేచోట ఇంతకన్నా మంచి బెంచీ దొరికితే వెళ్ళిపోగల అమ్మాయి. ఈ భయం ఎవరితోనూ చెప్పుకోలేదు. దాని బదులు లక్క పలచగా కలిపిందని రోజూ దాన్ని సాధించాను.

ఆ వారమే ఒక పొద్దున దాని బెంచీ మీద ఆకురాయి కోసం వెతుకుతుంటే, మెత్తటి గుడ్డ కింద ఒక కొత్త పలక తగిలింది. తీసి చూశాను. మా ఇంటిపేరు. అరచేయంత వెడల్పు, గుండ్రటి మూలలు, పైన రెండు రంధ్రాలు, కింద ఒకటి. ఈ పనిలో తల నెరిసినదాన్ని, ఏ పలక ఏ తలుపుదో నాకొకరు చెప్పక్కర్లేదు. అది నాలుగో అంతస్తు గది తలుపుది.

ఇంకోటి కూడా చూశాను. చివరి అక్షరం కొంచెం కిందికి జారి ఉంది. కోడలి చేతిలో అక్షరం జారదు. కావాలని జార్చింది. మా మేడ మీద తలుపుకున్నట్టే, మా అబ్బాయి చెక్కినట్టే.

నా బిడ్డ పేరు, నా బిడ్డ చేతి వంకరతో సహా పట్టుకెళ్ళి ఇంకొకడి తలుపుకు బిగిస్తుందా? పేరు వదిలేసి పోతుందేమోనని నిన్నటిదాకా ఏడ్చినదాన్ని, తీసుకుపోతోందని ఇవాళ మండిపడ్డాను. నాది ఏడుపో కోపమో నాకే తెలియలేదు. మింగలేక కక్కలేక, చివరికి ఫోను తీసి మా ఆడపడుచుకు చెప్పి, రమ్మన్నాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఆడపడుచు విషయంలో ఆ లెక్క తక్కువ. మా ఆయనకు చెల్లెలు, ఊరికి ఆ చివర ఉంటుంది, కుట్టుపని నేర్పుతుంది. ఎప్పుడొచ్చినా ముందు మేడ ఎక్కి, మా తలుపు పలకను తన చేతిరుమాలుతో తుడిచి, ఆ తర్వాతే నన్ను పలకరిస్తుంది. నా పనిలో దుమ్ము వెతకడం దానికి సరదా అని ఇన్నేళ్ళూ లోలోపల తిట్టుకునేదాన్ని. ఆ రోజూ అంతే. తుడిచి, కిందికి దిగి, నేను చూపించిన పలకను బల్ల మీద పెట్టుకుని కోర్టులో జడ్జీలా కూర్చుంది.

కోడలు లిఫ్టు పలకలు అప్పగించడానికి వెళ్ళి, మెకానిక్‌తో కలిసి నవ్వుకుంటూ లోపలికొచ్చింది. బల్ల మీద పలక చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది?" అంది ఆడపడుచు.

"నమూనా, చిన్నత్తయ్యా. అత్తయ్యకి చూపించి అడగాలని చెక్కాను. చెక్కడానికి ఉన్న ధైర్యం అడగడానికి చాల్లేదు."

"ఏం అడగాలని?"

దానికి మెకానిక్ జవాబు చెప్పాడు, టోపీ చేతుల్లో నలుపుతూ. "అడగమన్నది నేనేనండీ. పెళ్ళిలో ఎవరి పేరు ఎవరైనా తీసుకోవచ్చని రిజిస్ట్రారు ఆఫీసులో చెప్పారు. నా 'లేదు' ఈమెకి అంటగట్టడం నాకిష్టం లేదు. ఈమె పేరు ఈమెకుండాలి. అమ్మగారు సరేనంటే, నేనే మీ పేరు పెట్టుకుంటాను. వద్దంటే లేదుగానే ఉండిపోతాను. అలవాటైపోయిందిగా."

"పేరంటే గొడుగనుకున్నావా నాయనా, వానొచ్చిందని అడిగి పట్టుకుపోవడానికి?" ఆడపడుచు గొంతు లేచింది. "అది మా నాన్నది. మా తాతది. రక్తంలో రావాలి. దారిన పోయేవాళ్ళకి ఇచ్చేది కాదు."

ఈ మాటలు అనిపించడానికే కదా నేను దాన్ని పిలిచింది. పొద్దున్నుంచీ నా లోపల తిరుగుతున్నవి కూడా ఇవే. కానీ అదే మాట ఇంకొకరి నోట వినేసరికి నాకే తగిలింది. దారిన పోయేవాళ్ళంటే ఎవరు? నేను ఎక్కడి నుంచి వచ్చాను?

"రక్తం అంటున్నావు కదా, ఒక్కమాట చెప్పు" అన్నాను. "ఈ గదిలో ఆ రక్తం ఉన్నది ఎవరికి?"

"నాకే."

"నీ తలుపు మీద ఏ పేరుంది?"

దాని తలుపు మీదున్నది దాని మొగుడి పేరు. చెక్కింది మేమే.

"నాకు ఆ రక్తం లేదు. దీనికీ లేదు. మీ అమ్మకి ఉందా? మీ నానమ్మకి? మగవాళ్ళు పేరిచ్చి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. దుమ్ము దులుపుకుంటూ, షట్టరు ఎత్తుకుంటూ నిలబెట్టిందంతా బయటి నుంచి వచ్చినవాళ్ళే. అసలు ఆ పేరుకి అర్థం ఏంటి? నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు?" అంది, తల వంచుకుని. "కొత్తగా వచ్చినవాడు."

"మరి?"

నేను కోడలి వైపు తిరిగాను. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఊళ్ళో అందరినీ అర్థం అడిగే నేను, ఈ ఒక్క పలకకు అర్థం అడగలేదు. దీపం కిందే చీకటి.

"నేను షాపు కట్టుబాటు తప్పాను అమ్మాయ్. ఇప్పుడు అడుగుతున్నాను. ఈ పలకకి అర్థం ఏంటి?"

"ఏ తలుపు వెనకున్నా నేను ఈ ఇంటిదాన్నే అని అత్తయ్యా. పెళ్ళయ్యాక ఈ పేరు పోతే, మీరు నన్ను ఏమని పిలుస్తారు? షాపులో పనిచేసే అమ్మాయి అంటారా? అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

నా భయం దాని నోట్లోంచి, అదే మాటల్లో వచ్చింది. రోజూ ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఒకే భయాన్ని చెరో గుడ్డ కింద దాచుకున్నాం. దగ్గరికి తీసుకుని ఏడ్చేశాను. సిగ్గేముంది, గట్టిగానే ఏడ్చాను. మెకానిక్ పాపం ఎటు చూడాలో తెలియక మోటారు వైపు చూస్తూ నిలబడ్డాడు.

వెనక నుంచి ఇంకో ఏడుపు వినిపించింది. ఆడపడుచుది. అది ఏడుస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"నీకేం తెలుసు వదినా. పెళ్ళి రోజున నా పేరు కొట్టేసి ఇంకోటి రాశారు. ఇష్టమేనా అని ఒక్కరైనా అడగలేదు. నా పేరు నాకు మిగిలింది ఆ మేడ మీద తలుపు మీదే. అందుకే వచ్చినప్పుడల్లా తుడుచుకుంటాను. అది కూడా ఎవరికో ఇచ్చేస్తే ఇక నేనెవర్ని?"

దుమ్ము కోసం కాదన్నమాట. ఇన్నేళ్ళు తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చాలానే ఉన్నాయి.

"పేరు ఇస్తే తరగదే పిచ్చిదానా" అన్నాను. "ఒక తలుపు మీదున్నది రెండు తలుపుల మీదుంటుంది."

ఆడపడుచు ముక్కు తుడుచుకుని బల్ల మీది పలకను చేతిలోకి తీసుకుంది. జారిన చివరి అక్షరాన్ని వేలితో తడిమింది. మేనల్లుడి చేతి వంకర దానికి మాత్రం తెలియదా? "వాడు చెక్కినట్టే ఉంది" అంది. కాసేపు చూసి, "ఇది నాకిచ్చెయ్యండి" అంది.

"మీ ఆయనేమంటాడో?"

"ఏమంటాడు? ఆయన పలక పక్కన బోలెడు చోటుంది. తలుపు నాది కూడా."

కోడలు గుడ్డ తీసుకుని ఆ పలకను చుట్టి ఇచ్చింది. నేను మెకానిక్‌ను కూర్చోమన్నాను. అంతసేపూ నిలబడే ఉన్నాడు.

"మీ నాన్న పేరేంటి బాబూ?"

చెప్పాడు. ఆయన పడవలకు రంగులు వేసేవాడట. కొడుకును ఈ దేశం పంపించి, మళ్ళీ చూడకుండానే కన్నుమూశాడు.

"మా పేరు పెట్టుకుంటే ఆయన పేరు ఏమవుతుంది?"

"మా పద్ధతిలో అది ఎలాగూ నాతోనే ఆగిపోతుందండీ."

"ఎందుకాగాలి? పలక మీద చోటుంది. ముందు నీ పేరు, తర్వాత మీ నాన్న పేరు, ఆ తర్వాత మాది. అక్షరాలు కొంచెం సన్నగా వేస్తే పడతాయి. ఏమ్మా, పడతాయా?"

"పడతాయి అత్తయ్యా" అంది కోడలు. మెకానిక్ చేతిలోని టోపీ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడని మేమంతా అనుకున్నట్టు నటించాం.

ఆడపడుచు తేరుకుంది. తేరుకుందని ఎలా తెలిసిందంటే, వెంటనే ఒక పేచీ పెట్టింది. "అంతా బాగానే ఉంది వదినా. మరి ఇతన్ని మనం ఏమని పిలవాలి? కోడలి మొగుడంటే కొడుకు అవ్వాలి."

కోడలు నా వైపు చూడకుండా ఉలి వైపు చూసింది.

"కొడుకు ఒకడే నాకు" అన్నాను. "ఇతను అల్లుడు."

"కోడలి మొగుడు అల్లుడు ఎలా అవుతాడు?"

"కోడలు కూతురైతే అవుతాడు. అంతకన్నా లెక్కలు నాకు రావు."

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఇంటిపేరు అని ఉన్నచోట 'లేదు' కొట్టేసి మా పేరు రాస్తూ గుమస్తా, "పాతదే బాగుందండీ, గుర్తుంటుంది" అన్నాడట. ఇద్దరూ ఆ నాలుగో అంతస్తు గదిలోనే కాపురం పెట్టారు. మేడ మీద ఇంట్లో కిటికీలు ఇక నా ఇష్టం. మొదటి రోజు వాటిని మూసి కూర్చున్నాను. ఊపిరాడనట్టు అనిపించి నేనే లేచి తెరిచాను. పొద్దున్నే కింద నుంచి ఉలి చప్పుడు వినిపించింది. రెండు వీధుల అవతలి నుంచి నడిచొచ్చి నాకన్నా ముందే షట్టరు ఎత్తేసింది.

ఆ రోజే వాళ్ళ తలుపు పలక చెక్కాలి. నమూనా నేనే గీశాను. చాలాకాలమైంది నేను పెన్సిలు పట్టి. అతని పేరు, వాళ్ళ నాన్న పేరు, మా పేరు. అల్లుడు డ్యూటీకి వెళుతూ షాపులో ఆగాడు. కాగితం అతని ముందు పెట్టాను.

"అర్థం చెప్పనిదే చెక్కం" అన్నాను.

"కొత్తగా వచ్చినవాడు అత్తగారూ" అన్నాడు. అత్తగారూ అనడం అదే మొదటిసారి.

"సరిగ్గా చదువుకో నాయనా. తప్పులుంటే ఇప్పుడే చెప్పు. చెక్కాక మార్చడం కుదరదు."

లిఫ్టు తీగలు పరీక్షించే మనిషి కదా, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివాడు. తన పేరు సరిగ్గా ఉంది. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగి, అదీ సరిగ్గా ఉందన్నాడు. మా పేరు చివరికొచ్చి కనుబొమలు ముడిచాడు. చెప్పాలా వద్దా అని మొహమాటపడి, చివరికి చెప్పాడు.

"చివరి అక్షరం కొంచెం కిందికి జారినట్టుందండీ."

కోడలూ నేనూ ఒక్కసారే అన్నాం, "అది తప్పు కాదు."